అక్కాచెల్లెళ్ల సంఘాల్లో అమ్మాయిల భద్రత

అమెరికా విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిలకు ‘సొరోరిటీ’లనే సంఘాలున్నాయి. చాలాచోట్ల సభ్యులు ఒకే ఇంట్లో ఉంటారు. ఊరుగాని ఊళ్లో ఒకరికొకరు తోబుట్టువుల్లా నిలవాలన్నది వీటి ఆశయం.

అయితే ప్రమాదాలూ ఉన్నాయి. 1978 జనవరిలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలోని ఒక సొరోరిటీ ఇంట్లోకి రాత్రివేళ హంతకుడు చొరబడి ఇద్దరు విద్యార్థినులను బలిగొన్నాడు. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్లో మరో విద్యార్థిని హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రుల పోరాట ఫలితంగానే 1990లో కాలేజీలు నేరాల లెక్కలు ప్రకటించాలన్న చట్టం వచ్చింది.

బయటివాడిని తాళం ఆపుతుంది. లోపలి బెదిరింపును ఏది ఆపాలి? కొత్తగా చేరేవారికి కొన్ని సంఘాలు పెట్టే ‘పరీక్షలు’ అవమానానికీ, ప్రాణాపాయానికీ దారితీస్తున్నాయి. ర్యాగింగ్‌పై మన రాష్ట్రం 1997లోనే చట్టం చేసింది. అక్కడ చిక్కేమిటంటే, స్నేహం పోతుందన్న భయంతో అమ్మాయే తల వంచుతుంది. అందుకే 2024 డిసెంబరులో వచ్చిన సమాఖ్య చట్టం, బాధితురాలు ఒప్పుకున్నా అది ర్యాగింగేనని నిర్వచించింది. తప్పు చేసిన సంఘాల పేర్లు కాలేజీలు బయటపెట్టాలని ఆదేశించింది.

2005లో ముస్లిం విద్యార్థినుల కోసం ‘గామా గామా కై’ ఏర్పడింది. మద్యానికి తావులేని చోటు కోరేవారికి ఆసరా కావాలన్నది దాని ఉద్దేశం. అయినా ఏ సంఘాన్నీ పేరు చూసి నమ్మకూడదు.

బిడ్డను పంపే తల్లిదండ్రులు ఆ కాలేజీ నివేదిక చదవాలి. అంతకన్నా ముఖ్యం, ‘అమ్మీ, నాకిక్కడ భయంగా ఉంది’ అని అర్ధరాత్రయినా చెప్పుకునే చనువు ఆమెకివ్వాలి. తిట్టే ఇంటికి ఏ అమ్మాయీ ఫోన్ చేయదు.