టవర్‌కు సంతకం ఎవరిది?

హైదరాబాద్‌లోని తార్నాకలో ఏ డాబా మీదైనా కొత్త సెల్ టవర్ లేస్తే వార్త ఒకే మూసలో వస్తుంది: కాలనీవాసుల క్యాన్సర్ భయం, ‘అంతా పరిమితిలోనే ఉంది’ అనే కంపెనీ జవాబు. చట్టం ఏం చెబుతోందో ఎవరూ రాయరు.

సైన్సు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను 2బి జాబితాలో, అంటే క్యాన్సర్ కారకం కావడానికి అవకాశమున్న వాటిలో చేర్చింది. రుజువైందని మాత్రం అనలేదు. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశం అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు ఉన్నది 0.45 అయింది. అయితే ఆ మేరకు ఉందని ధ్రువపత్రం ఇచ్చేది ఆపరేటరే. టెలికాం శాఖ తనిఖీ చేసేది కొన్నింటినే. తన ఇంటి దగ్గర కొలిపించుకోవాలనుకున్నవారు ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌లో 4,000 రూపాయలు కట్టాలి.

అసలు మలుపు 2022 ఆగస్టులో వచ్చింది. టవర్లు, కేబుళ్ల కోసం స్థలం వాడుకునే తీరును నిర్ణయించే ‘రైట్ ఆఫ్ వే’ నిబంధనలను కేంద్రం సవరించి, ప్రైవేటు స్థలంలో టవర్‌కు స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేదంది. ముందుగా సమాచారమిచ్చి, భవనం బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువపత్రం జతచేస్తే చాలంది. 2023 టెలికాం చట్టంలోని 12వ సెక్షన్ కూడా స్థల యజమానితో ఒప్పందం గురించే మాట్లాడుతుంది. పక్కింటివారి ఊసే లేదు.

రోడ్డు దాటి ఉస్మానియా ప్రాంగణంలో అడుగుపెడితే లెక్క మారుతుంది. శాసనం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం ఆ చట్టం దృష్టిలో ప్రభుత్వ సంస్థ. అక్కడ టవర్ పెట్టాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, అనుమతి తెచ్చుకోవాలి. క్యాంపస్ హాస్టల్‌లో ఉన్న విద్యార్థి తన విశ్వవిద్యాలయాన్ని నిలదీయగలడు. అదే విద్యార్థి తార్నాక పీజీకి మారితే ఎవరిని అడగాలి? అద్దె తీసుకునే ఓనరునా?

అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆస్తిపన్ను కోసం టవర్‌ను భవనంగానే చూడవచ్చని తీర్పిచ్చింది. నగరపాలక సంస్థలకు అదొక గట్టి ఆధారం. 2023 చట్టం 14వ సెక్షన్ టవర్‌ను ఆస్తి నుంచి విడదీసి ఆ ఆధారాన్నీ తీసేసింది. నగరం తన డాబాల మీద తానే హక్కు కోల్పోయిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

టవర్లన్నీ తరిమేయాలన్న కోరికతో లాభం లేదు. సిగ్నల్ బలహీనపడితే చెవి దగ్గరి ఫోనే ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. టవర్ లేవకముందే చుట్టుపక్కల ఇళ్లకు నోటీసు ఇవ్వాలి, లేచాక కొలతను గేటు మీద తెలుగులో రాసిపెట్టాలి, ఆ కొలత ఆపరేటరుతో సంబంధం లేనివారు తీయాలి. తార్నాక కాలనీలు ఢిల్లీని అడగాల్సింది ఇవే.