పరిచర్య అందరిదీ, శిక్ష పాస్టరుకే

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు గురించి మనం చాలానే మాట్లాడాం. గుంటూరు జిల్లాకు చెందిన ఒక దళిత పాస్టరు తనను కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టాడు. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నవాడు ఎస్సీ కాడని, చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా అట్రాసిటీ చట్టం అతనికి వర్తించదని కోర్టు ఆ కేసు కొట్టేసింది. చర్చంతా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా చుట్టూ తిరిగింది. తిరగాల్సిందే. కానీ ఆ తీర్పులో నన్ను ఆపిన మాట ‘పాస్టరు’. అతను క్రైస్తవుడనడానికి అతను చేస్తున్న పనే సాక్ష్యమైంది.

మరి ఆ పని ఎవరిది? బాప్తిస్మం పొందిన ప్రతివాళ్లూ యాజకులేనని, గురువర్గం ఒక పై జాతి కాదని 1520లో మార్టిన్ లూథర్ రాశాడు. పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయం దానికి ఆధారం. అభిషేకం పొందిన గురువుల స్థానం వేరంటూనే, విశ్వాసులందరికీ ఉన్న సామాన్య యాజకత్వాన్ని రెండో వాటికన్ మహాసభ కూడా గుర్తించింది. ఐరోపాలో ఇది సంఘంలో అధికారం గురించిన తగాదా. పుట్టుకతోనే పూజారి అయ్యే దేశంలో దీని బరువు వేరు. 1936లో ‘కుల నిర్మూలన’ రాస్తూ అంబేడ్కర్ పూజారి వ్యవస్థను రద్దు చేయాలన్నాడు, కుదరకపోతే కనీసం వంశపారంపర్యం కాకుండా చూడాలన్నాడు. గుడి గడప తొక్కనివ్వని వాళ్లకు నువ్వే యాజకుడివి అని చెప్పడం మామూలు మాట కాదు.

మన వాడల్లో ఆ మాట పనిగానే మొదలైంది. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకుని ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు వెళ్లిపోయాడు. మరుసటి ఏడు జనవరిలో మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వెళ్లేసరికి బాప్తిస్మానికి సిద్ధమై జనం ఎదురుచూస్తున్నారు. 28 మంది తీసుకున్నారు. వాళ్లను సిద్ధం చేసింది ఏ పట్టా లేని పేరయ్య, ఆయన చుట్టాలు, తోళ్ల పని చేసుకునే తోటివాళ్లు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఆరుగురూ తెలుగు బోధకులే. మిషన్ చరిత్రలు ఆ అంకెను క్లౌ ఖాతాలో వేశాయి. చరిత్ర రాసేవాడి చేతిలో కలం ఉంటే జరిగేది అదే కదా!

దోర్నకల్లు సంగతి ఇంకా ముఖ్యం. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయిన అజరయ్య బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. పలికినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. చదువు రానివాళ్లు. ఊళ్లో నోరెత్తితే దెబ్బలు తినేవాళ్లు. మాట్లాడటం వాళ్ల బాధ్యత అని మొదటిసారి ఒక సంస్థ చెప్పింది. బోధన ఏమిటన్న దానితో మనకు పేచీ ఉండొచ్చు. వాడ గొంతు విప్పిన తీరును మాత్రం కాదనలేం.

తర్వాత ఆ గొంతును జీతం, పదవి, ఆస్తి మింగాయి. ‘అయ్యగారు’ అనే పిలుపు చూడండి, ఊరి దొరకు పెట్టిన పేరే పాస్టరుకూ పెట్టుకున్నాం. సొంత మినిస్ట్రీల్లో తండ్రి తర్వాత కొడుకు పాస్టరు. అంబేడ్కర్ వద్దన్న వంశపారంపర్యం వెనక గుమ్మంలోంచి వచ్చి కూర్చుంది. ఇల్లిల్లూ తిరిగి రోగుల దగ్గర కూర్చున్న బైబిల్ స్త్రీలకు అభిషేకం దక్కలేదు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పు, నంద్యాలకు చెందిన పుష్పలలిత, వచ్చింది 2013లో. తెలుగునేల నుంచి, అందులోనూ దళితుల నుంచి, తొలి కార్డినల్ పూల ఆంథోని వచ్చింది 2022లో.

ఇప్పుడు తీర్పు దగ్గరకు రండి. పరిచర్య అందరిదైతే, శుక్రవారం వరండాలో ఉపవాస ప్రార్థన నడిపే కూలి తల్లి ఎవరు? ఆదివారం డప్పు వాయించి పాట ఎత్తుకునే కుర్రాడెవరు? పని ఆధారంగా మతాన్ని తేల్చడం మొదలైతే వాళ్లూ రేపు ఇదే ప్రశ్న ఎదుర్కోవాలి. ఎవరికీ కనపడకుండా నమ్ముకో, గొంతు ఎత్తితే మాత్రం చట్టం నీది కాదు అన్నదే దీనిలోంచి వాడకు అందే సందేశం. కొట్టేవాడు మాత్రం బాప్తిస్మం రికార్డు చూసి కొట్టడు. ఎవరి బిడ్డవో, ఏ వాడవో చూసి కొడతాడు.

ఈ దెబ్బ మొదట తగిలేది ఏ డయోసిస్ అండా లేని ఊరి పాస్టర్లకు. కూలికి పోతూ, ఆదివారం వాక్యం చెప్పేవాళ్లు వీళ్లు. క్రైస్తవంలో కులం లేదని కోర్టు అంటోంది. సంఘ పెద్దలు కూడా వేదికల మీద అదే అంటారు, సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు మాత్రం కులం అడుగుతారు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. మూడో పేరాను తొలగించాలని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. ఆ డిమాండ్ల కోసం బిషప్పులు ఏటా సంతకాలు పెడతారు, ఊరేగింపులూ చేస్తారు. డయోసిస్ ఎన్నికల కోసం, స్థలాల కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడగలిగిన సంఘాలు, తమ పేరు బోర్డు మీద లేని ఒక దళిత పాస్టరు కేసుకు వకీలును పెట్టగలవా అన్నది వాళ్లను అడగాల్సిన ప్రశ్న. విద్యార్థి సంఘాలు కూడా అడగొచ్చు. వాడలో ఆ పాస్టర్ల బిడ్డలే హాస్టళ్లలో మన పక్క మంచాల మీద ఉన్నారు.