కామెరాన్ గారి కోరికల చిట్టా

మొన్న ఒక మిత్రుడు "అసలీ బ్రెగ్జిట్ గొడవ ఎక్కడ మొదలయిందిరా?" అని అడిగాడు. అందరూ 2016 జూన్ 23 అంటారు, ఓటింగు జరిగిన రోజు కాబట్టి. నన్నడిగితే అంతకు ఏడు నెలల ముందు, 2015 నవంబరు 10న బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్, యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు డొనాల్డ్ టస్క్ కి రాసిన ఆరు పేజీల ఉత్తరంలోనే కథ సగం అయిపోయింది. నేనప్పుడు రీడింగ్ లో ఉండేవాడిని (రీడింగ్ అంటే చదవడం కాదండోయ్, ఊరు పేరు. లండన్ కి పడమటి పక్క, మనవాళ్ళు బాగా ఉండే చోటు :)). ఆ ఉత్తరాన్ని లంచ్ టైములో కూర్చుని మొత్తం చదివాను. పనీపాటా లేక కాదు, నా వీసా సంగతి కూడా ఆ గాలి ఎటు వీస్తే అటు తిరిగేలా ఉంది కనక.

ముందు కొంచెం వెనక్కెళ్దాం. ఈయూలో ఉండాలా వద్దా అన్న ఓటింగు పెడతానని కామెరాన్ 2013 జనవరిలో మాటిచ్చాడు. దేశం అడిగిందని కాదు. సొంత పార్టీలో ఈయూ అంటే పడని వాళ్ళ పోరు, బయట నైజెల్ ఫరాజ్ పార్టీ ఓట్లు తన్నుకుపోతుందన్న భయం. గెలిస్తే కదా పెట్టాల్సింది అనుకున్నాడో ఏమో, 2015 మేలో నిజంగానే సొంత మెజారిటీతో గెలిచి కూర్చున్నాడు. ఇక తప్పించుకునే దారి లేదు. యూరప్ నాయకుల దగ్గరికెళ్ళి ఏదో ఒకటి సాధించుకొచ్చి, "ఇదిగో కొత్త ఒప్పందం, దీనికి ఓటెయ్యండి" అని చూపించాలి.

ఆ సాధించాల్సిన వాటి చిట్టానే ఈ ఉత్తరం. నాలుగు భాగాలు. నాలుగు బుట్టలు అనేవాళ్ళు వాటిని. మొదటిది, యూరో వాడే దేశాలు తీసుకునే నిర్ణయాలు యూరో వాడని బ్రిటన్ నెత్తిన పడకూడదు. రెండోది, పోటీతత్వం, అంటే వ్యాపారాల మీద నిబంధనలు తగ్గించాలి (దీనికి కాదనే వాడు ఎవడుంటాడు? ప్రతి రెజ్యూమేలో "టీమ్ ప్లేయర్" అని రాసుకున్నట్టే ఇదీ). మూడోది సార్వభౌమత్వం: 1957 నాటి రోమ్ ఒప్పందంలో "అంతకంతకూ దగ్గరయ్యే సమాఖ్య" అన్న అర్థంలో ఒక మాట ఉంది, అది మాకు వర్తించదని రాసివ్వాలి. నాలుగోది వలసలు.

అసలు కత అంతా ఆ నాలుగో బుట్టలో ఉంది.

2004లో పోలండు లాంటి దేశాలు ఈయూలో చేరినప్పుడు, మొదటి రోజు నుంచే తలుపులు బార్లా తెరిచినవి బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే. జర్మనీ, ఆస్ట్రియా ఏడేళ్ళు ఆగి 2011లో తెరిచాయి. ఏడాదికి నికరంగా 5 వేల నుంచి 13 వేల మంది వస్తారని బ్రిటన్ ప్రభుత్వం చేయించిన అంచనా. మిగతా దేశాలూ తెరుస్తాయన్న లెక్క మీద వేసిన అంచనా అది, వాళ్ళు తెరవలేదు. 2011 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్సులలోనే పోలండులో పుట్టినవాళ్ళు 5 లక్షల 79 వేలు! మన మేనేజర్ల ఎస్టిమేట్లే నయం అనిపించింది నాకు.

జనానికి ఉన్న గుబులు ఈ సంఖ్య గురించి. కామెరానే 2010లో నికర వలసని "పదుల వేలకి" తగ్గిస్తానని మాటిచ్చాడు. మరి ఉత్తరంలో సంఖ్య గురించి ఏమడిగాడు? ఏమీ అడగలేదు. 2014లో సంఖ్య మీదే ఏదో ఒక అదుపు అడుగుదామని అనుకున్నారు, కానీ మనుషుల స్వేచ్ఛా సంచారం జోలికి రావద్దని జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ గట్టిగా చెప్పేసరికి వెనక్కి తగ్గారు. దాని బదులు పెట్టిన కోరికలు ఇవి: ఈయూ నుంచి వచ్చినవాళ్ళకి నాలుగేళ్ళ దాకా, పనిచేస్తున్నా తక్కువ జీతం ఉంటే ఇచ్చే సర్కారు సాయం ఇవ్వకూడదు. సొంత దేశంలో ఉన్న పిల్లల కోసం పంపే చైల్డ్ బెనిఫిట్ ఆపాలి.

మన పనిలో ఇది రోజూ చూసేదే. క్లయింటుకి కావలసింది ఒకటి. అది కష్టం అని డెవలపర్ మొహం చిట్లిస్తాడు. అనలిస్టు మధ్యలో దూరి, చెయ్యగలిగిన ఇంకేదో రిక్వైర్మెంటుగా రాసేస్తాడు. కోడింగు అవుతుంది, టెస్టింగు పాస్ అవుతుంది, రాసినవన్నీ పచ్చ టిక్కులే. చివరికి క్లయింటు వచ్చి చూసి "నేనడిగింది ఇది కాదు కదయ్యా" అంటాడు.

ఆ రిక్వైర్మెంటులో పస ఎంతో కూడా చూడండి. చైల్డ్ బెనిఫిట్ 2015లో మొదటి బిడ్డకి వారానికి 20.70 పౌండ్లు ఉండేది. విదేశాల్లో ఉన్న పిల్లలకి అలా వెళ్ళేది సుమారు 34 వేల మందికి, ఏడాదికి మొత్తం 3 కోట్ల పౌండ్లు. చైల్డ్ బెనిఫిట్ మొత్తం ఖర్చు వెయ్యి కోట్ల పౌండ్ల పైమాటే. అంటే సముద్రంలో కాకిరెట్ట. ఇక సాయాలు ఆపితే వలస తగ్గుతుందా అంటే, సర్కారు లెక్కలకి అంచనాలు వేసే ఓబీఆర్ వాళ్ళే 2015 డిసెంబరులో పార్లమెంటు కమిటీ ముందు పెద్ద తేడా ఉండదన్నారు. పోలండు కుర్రాడు గ్దాన్స్క్ నుంచి విమానం ఎక్కేది జీతం చూసి. టాక్స్ క్రెడిట్ ఫారం చూసి కాదు.

ఇంకో లెక్క. 2015 జూన్ తో ముగిసిన ఏడాదికి నికర వలస 3 లక్షల 36 వేలు. అందులో ఈయూ నుంచి 1 లక్ష 80 వేలు, ఈయూ బయటి నుంచి 2 లక్షల 1 వెయ్యి (వెళ్ళిపోయిన బ్రిటిష్ వాళ్ళని తీసేస్తే ఆ మొత్తం వస్తుంది). ఈయూ వాటా సున్నా అయినా "పదుల వేలు" అన్నది కుదరదు. పెద్ద వాటా మనలాంటి వాళ్ళది, దాని మీద వీసాల తాళం చెవి పూర్తిగా లండన్ చేతిలోనే ఉంది. బ్రస్సెల్స్ కి వెళ్ళి ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు.

సరే, 2016 ఫిబ్రవరి 18, 19 తేదీల్లో శిఖరాగ్ర సమావేశం. ఆ ముందు ఏడాది పది లక్షల మందికి పైగా శరణార్థులు, వలసదారులు పడవల్లో సముద్రం దాటి యూరప్ చేరారు. గ్రీసు ఆ భారం మొయ్యలేక అల్లాడుతోంది. అదీ ఆ సమావేశం ఎజెండాలో ఉంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మన కామెరాన్ గారు ఈ 20 పౌండ్ల లెక్కతో వెళ్ళారు. రాత్రంతా చర్చలు. శుక్రవారం పొద్దున 'ఇంగ్లీషు బ్రేక్ ఫాస్టు' మీద తేల్చేస్తామన్నారు, అది లంచ్ అయింది, ఆ లంచ్ డిన్నర్ అయింది. పోలండు, హంగరీ, చెక్, స్లొవాకియా వాళ్ళు చైల్డ్ బెనిఫిట్ దగ్గర బిగుసుకు కూర్చున్నారు. వాళ్ళ ఓటర్లు వాళ్ళకీ ఉన్నారు కదా.

చివరికి ఏమొచ్చింది? చైల్డ్ బెనిఫిట్ ఆపరు, బిడ్డ ఉన్న దేశపు జీవన ప్రమాణాన్ని బట్టి తగ్గిస్తారు. కొత్తగా వచ్చేవాళ్ళకి ముందు, పాతవాళ్ళకి 2020 నుంచి. సాయాలకి నాలుగేళ్ళ కోత ఉంటుంది, కానీ మొదట్లో ఏమీ ఇవ్వకుండా తర్వాత మెల్లిగా పెంచుకుంటూ పోవాలి, ఆ ఏర్పాటు ఏడేళ్ళు మాత్రమే ఉంటుంది. సార్వభౌమత్వం బుట్టలో 'మాకు వర్తించదు' అన్న మాట దొరికింది. దేశాల పార్లమెంట్లు 55 శాతం ఓట్లతో ఈయూ చట్టాన్ని అడ్డుకునే 'రెడ్ కార్డు' కూడా దొరికింది. నిజం చెప్పాలంటే మనిషి కష్టపడ్డాడు. ఇరవై ఏడు దేశాలని ఒప్పించి అంత రాబట్టడం మాటలు కాదు. అడిగిన చిట్టా ప్రకారం చూస్తే ముప్పావు వంతు పాసే.

కానీ మర్నాడు, శనివారం కేబినెట్ మీటింగు అయిన వెంటనే మైకేల్ గోవ్ తో సహా ఆరుగురు ఎదుటి పక్షంలోకి వెళ్ళిపోయారు. ఆదివారం బోరిస్ జాన్సన్ వెళ్ళాడు. తర్వాత నాలుగు నెలల ప్రచారంలో ఈ ఒప్పందం ఊసెత్తిన వాడు నాకు దాదాపు కనపళ్ళేదు. కామెరాన్ కూడా ఎత్తలేదు! కొండని తవ్వి ఎలకని పట్టారు, ఆ ఎలకని కూడా ఎక్కడో వదిలేశారు. అందరూ మాట్లాడింది మళ్ళీ ఆ సంఖ్య గురించే.

ఇక నా గోల. నేను 2009లో మాస్టర్స్ కి వెళ్ళి, పోస్ట్ స్టడీ వీసా మీద రెండేళ్ళుండి, 2012లో టియర్ 2 కి మారాను. అప్పట్లో మన వీసా కార్డు మీద "ప్రభుత్వ నిధులకు అర్హత లేదు" అన్న అర్థంలో ఒక ముక్క ఉండేది. టాక్సు మాత్రం అందరితో సమానం. 2015 ఏప్రిల్ నుంచి వీసా పొడిగించుకునేటప్పుడు ఆస్పత్రి సర్ ఛార్జి, అప్పట్లో ఏడాదికి 200 పౌండ్లు, అదనం. అంటే నాలుగేళ్ళ పాటు ఈయూ వాళ్ళని ఏ స్థితిలో పెట్టాలని దేశాధినేతలు తెల్లవార్లూ కొట్టుకున్నారో, ఆ స్థితిలో మనం మొదటి రోజు నుంచీ ఉన్నాం. మన గురించి ఏ సమావేశమూ అక్కర్లేదు, హోం ఆఫీసు వాడు ఒక కాయితం మారిస్తే చాలు. మార్చాడు కూడా. 2016 ఏప్రిల్ 6 నుంచి టియర్ 2 వాళ్ళకి శాశ్వత నివాసం కావాలంటే జీతం 35 వేల పౌండ్లు ఉండాలన్నారు. నాది 31,500.

తమాషా ఏంటంటే ఆ ఓటింగులో నాకు ఓటుంది! కామన్వెల్త్ దేశాల పౌరులకి, అక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే, ఓటు హక్కు. నా పక్క సీట్లో పోలండు టెస్టరు, పదకొండేళ్ళుగా ఉంటున్నాడు, ఇల్లు కొనుక్కున్నాడు, అతనికి లేదు. అతని బతుకు తేలేది ఆ ఓటుతో, ఓటున్నది రేపో మాపో పెట్టె సర్దుకోబోయే నాకు.

మా తెలుగు గుంపులో వారాంతం బిర్యానీ దగ్గర దీని మీద పెద్ద వాదన. "వాళ్ళు తగ్గితే మన వాటా పెరుగుతుంది" అని సగం మంది. అది గాల్లోంచి వచ్చిన మాట కాదు. ప్రీతి పటేల్, అప్పట్లో మంత్రి, ఈయూ నుంచి బయటపడితే మన కర్రీ హోటళ్ళకి వంటవాళ్ళని తెచ్చుకోవచ్చని బహిరంగంగా చెప్పింది. నేను ఒప్పుకోలేదు. ముప్పై వేల చిల్లర జీతం వాణ్ణి పొమ్మనే ప్రభుత్వం, పోలండు వాడు పోయాక నన్ను పిలిచి పీట వేస్తుందా అన్నాను. ఉండాలనే ఓటేశాను. బయటికి అన్నవాళ్ళు 51.9 శాతంతో గెలిచారు. మర్నాడు పొద్దున టెస్టరు నా డెస్కు దగ్గరికొచ్చి, "మీ ఇండియన్స్ ఎటు వేశారు?" అని నవ్వుతూనే అడిగాడు. నేను నా సంగతి చెప్పాను గానీ మావాళ్ళ సంగతి చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మావాళ్ళ లెక్క కొంత నిజమైంది. 2021 జనవరి నుంచి ఈయూ వాళ్ళకీ మనకీ ఒకే వీసా పద్ధతి వచ్చింది, జీతం పరిమితి దిగింది, చదువు తర్వాత రెండేళ్ళ వీసా మళ్ళీ ఇచ్చారు. భారతీయులు వెల్లువలా వెళ్ళారు. నికర వలస 2023లో ఒక దశలో ఏడాదికి 9 లక్షలు దాటింది! పదుల వేలన్న పెద్దమనిషి ఏమనుకున్నాడో. ఆ తర్వాత జరగాల్సిందే జరిగింది. 2024లో విద్యార్థుల, కేర్ వర్కర్ల కుటుంబాలని రానివ్వద్దన్నారు, జీతం పరిమితి 38,700 చేశారు, 2025 జులైలో 41,700. శాశ్వత నివాసానికి ఐదేళ్ళ బదులు పదేళ్ళు అన్న ప్రతిపాదన 2025 మే శ్వేతపత్రంలో పెట్టారు. వెళ్ళి అప్పులు చేసి ఇరుక్కున్న పిల్లలు నాకు తెలిసే ముగ్గురున్నారు.

అదే నెల 19న లండన్లో ఈయూతో మళ్ళీ శిఖరాగ్ర సమావేశం. ఈసారి స్టార్మర్. ఏం అడగాలో కన్నా ఏం అడగకూడదో ముందే గీత గీసుకుని వెళ్ళాడు: ఒకే మార్కెట్టు వద్దు, కస్టమ్స్ యూనియన్ వద్దు, స్వేచ్ఛా సంచారం వద్దు. వచ్చింది: తిండి సరుకుల తనిఖీలు తగ్గించే దారి, కుర్రకారు అటూ ఇటూ వెళ్ళే పథకం మీద మాటలు. ఇచ్చింది: 2038 దాకా చేపలు పట్టుకునే అనుమతి. ఈ చిట్టా కూడా ఓటర్ల భయాన్ని కొలిచి కుట్టిన చొక్కాయే, కాకపోతే అందులో ఉన్నదీ బయట చెప్పిందీ ఒకటే. కామెరాన్ కన్నా ఆ ఒక్క విషయంలో నయం.

నా సంగతా? 2017లో ఐదేళ్ళు నిండేసరికి కూడా 35 వేలు అందలేదు. గచ్చిబౌలి వచ్చేశాను. నేనున్నప్పుడు శాశ్వత నివాసం అప్లికేషను ఫీజు 1,875 పౌండ్లు. మా టెస్టరుకి 2019లో సెటిల్డ్ స్టేటస్ ఉచితంగా వచ్చింది, ఫోన్లో ఫొటో తీసి పంపాడు. ఇండియా, బ్రిటన్ల మధ్య 2025 జులై 24న సంతకాలైన వాణిజ్య ఒప్పందంతో పాటే, ఆన్ సైటుకి వెళ్ళేవాళ్ళు మూడేళ్ళ దాకా అక్కడ నేషనల్ ఇన్సూరెన్సు కట్టక్కర్లేదని కూడా రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. మంచిదే, చాలా ఏళ్ళుగా అడుగుతున్నదే. నేను కంపెనీ పంపితే వెళ్ళినవాణ్ణి కాదు, అక్కడే చేరినవాణ్ణి, పైగా ఇది పాత లెక్కలకి వర్తించదు. అక్కడ పింఛను రావాలంటే పదేళ్ళు కట్టి ఉండాలి. ఏడో ఎనిమిదో కట్టాను.