భరతుని లేడిపిల్ల – కణ్వుని శకుంతల

శ్రీ జోగులాంబా సమేత బాలబ్రహ్మేశ్వరస్వామినే నమః

ఉన్నతోద్యోగాన్ని, దానితో కూడివచ్చే భోగాన్ని విడిచి, దేశాంతరంలో దిక్కులేని పిల్లలను సాకడానికి వెళ్ళడం ధర్మమా, మోహమా? ఈ విషయమై ఆస్తికులలోనే రెండు పక్షాలున్నాయి. మానవసేవయే మాధవసేవ గనుక ఇందులో విచారించవలసినదేమీ లేదని ఒక పక్షం. పరుల పిల్లలను పెంచే భారం నెత్తిన వేసుకొన్న సాధకునికి జడభరతుని గతియే పడుతుందని మరొక పక్షం. మొదటి మాట తొందరపాటు, రెండవది అర్ధసత్యం అని నా అభిప్రాయం. అందుకు కారణాలను మనవి చేస్తాను.

ఇది కేవల శుష్కతర్కం కాదు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల నుండి పొట్ట చేతపట్టుకొని ఆనకట్టల పనులకు, కాలువల పనులకు దేశమంతటా తిరిగినవారికి 'పాలమూరు కూలీలు' అని పేరు. అటువంటి ఇంట పుట్టిన బిడ్డ చదువుకొని, విదేశంలో కొలువు సంపాదించి, ఇల్లు నిలబెట్టిన పిమ్మట, "ఈ ఉద్యోగం ఇక చాలు, తల్లిదండ్రులు లేని పిల్లల దగ్గరకు పోతాను" అంటే ఆ తల్లి ఏమని బదులు చెప్పాలి? సేవ గొప్పదని ఆమెను సమాధానపరచడం తేలిక. శాస్త్రం పేరు చెప్పి ఆ బిడ్డను భయపెట్టడం ఇంకా తేలిక. రెండింటివల్లనూ ఆ తల్లికి దారి కనబడదు.

ముందుగా ఈ కాలపు ఉదాహరణ ఒకటి చూద్దాము. స్కాట్ నీసన్ అనే ఆయన స్కాట్లాండులో పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగి, అమెరికాలోని ఒక పెద్ద చలనచిత్ర సంస్థ అంతర్జాతీయ విభాగానికి అధ్యక్షుడైనారు. 2003లో విహారయాత్రకని కంబోడియా వెళ్ళి, నోమ్ పెన్ నగరంలోని స్టంగ్ మీన్‌చే అనే చెత్తదిబ్బ మీద పాత ఇనుము, ప్లాస్టిక్కు ఏరుకొని బ్రతికే పిల్లలను చూశారు. వెంటనే ఉద్యోగం మానలేదు. సుమారు ఏడాదిపాటు కొలువులో ఉంటూనే నెలనెలా అక్కడికి పోయివచ్చారు. తన సంకల్పం క్షణికావేశమేమో పరీక్షించుకోవడానికే అలా చేశానని ఆయనే చెప్పుకొన్నారు. ఒకనాడు ఆ దిబ్బ మీద జబ్బుపడ్డ పిల్లల నడుమ నిలబడి ఉండగా ఆయనకు ఫోను వచ్చింది. ప్రత్యేక విమానంలో తాను కోరిన వసతులు లేవని ఒక నటుని పక్షాన ఫిర్యాదు. ఆ ఫోనుతో ఆయన సందేహం తీరింది. 2004లో ఇల్లు, పడవ అమ్ముకొని నోమ్ పెన్ చేరి, ఆ పిల్లల కోసం కంబోడియన్ చిల్డ్రన్స్ ఫండ్ అనే సంస్థను స్థాపించారు.

కంబోడియా మనకు పరాయిదేశమా? అది కంబుజదేశం. 12వ శతాబ్దిలో రెండవ సూర్యవర్మ అంకోర్ వాట్‌ను విష్ణ్వాలయంగా నిర్మించిన నేల, రాళ్ళ మీద సంస్కృత శాసనాలు నిలిచి ఉన్న నేల. 1975 నుండి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో అక్కడ 15 లక్షలకు పైగా ప్రజలు మరణించారు. ఎన్నో కుటుంబాలు తెగిపోయాయి. ఆ ఆలయాన్ని చూచి మనం గర్వపడతాము. ఆ ఆలయాన్ని కట్టినవారి వంశాల పిల్లలు చెత్తదిబ్బ మీద బ్రతికారన్నది కూడా మన చెవిన పడవలసిన వార్తయే.

ఇప్పుడు భరతుని కథకు వద్దాము. ఈయన దుష్యంతుని కుమారుడు కాడు, ఋషభదేవుని కుమారుడు. శ్రీమద్భాగవతం పంచమ స్కంధంలో ఈయన కథ ఉన్నది. రాజ్యాన్ని తృణప్రాయంగా విడిచి గండకీ తీరంలో తపస్సు చేసుకొంటున్నాడు. సింహగర్జనకు బెదరిన నిండుచూలాలు లేడి ఒకటి ఏటిని దూకగా, గర్భం జారి పిల్ల నీటిలో పడింది. తల్లి మరణించింది. భరతుడు ఆ పిల్లను ఆశ్రమానికి తెచ్చి సాకాడు. కడకు దానినే తలచుకొంటూ ప్రాణం విడిచి, మరుజన్మలో లేడియై పుట్టాడు.

"చూశారా, అనాథను చేరదీసినందుకు మహాతపస్వికే పతనం తప్పలేదు" అని ఈ కథను ఉదహరిస్తారు. గ్రంథాన్ని నిదానంగా చూస్తే దోషం మరొకచోట ఉన్నది. శరణు జొచ్చిన ప్రాణిని ఉపేక్షించరాదన్న భరతుని మొదటి ఆలోచనను భాగవతం నిందించలేదు. ఏటిలో కొట్టుకొనిపోయే పిల్లను చూస్తూ ఆయన జపం చేసుకొని ఉంటే ఆ జపానికి ఏమి విలువ? పతనం తరువాత మొదలైంది. యమనియమాలు ఒకటొకటిగా జారిపోయాయి. భగవదర్చన కుంటుపడింది. లేడి కాసేపు కనబడకపోతే సర్వస్వం పోయినట్లు విలపించాడు. దానిని తిరిగి లేళ్ళ మందలో చేర్చే ప్రయత్నం ఆ కథలో ఎక్కడా కనబడదు. లేడికి ఆయన అవసరం తీరిన పిమ్మట కూడా ఆయనకు లేడి అవసరం తీరలేదు. బంధమంటే అది.

దీని పక్కన మహాభారతం ఆదిపర్వంలోని కణ్వమహర్షిని నిలిపి చూడండి. మేనక విడిచిపోయిన పసికందు మాలినీ తీరంలో పక్షుల కాపలాలో పడి ఉన్నది. శకుంతములు కాచినది గనుక శకుంతల. కణ్వుడూ తపస్వియే, అరణ్యవాసియే. ఆయన కూడా అనాథశిశువును ఆశ్రమానికి తెచ్చి పెంచాడు. కాని ఆయన అగ్నిహోత్రం ఆగలేదు. ఆమె దుష్యంతుని వరించిన సంగతి తెలిసినప్పుడు ఆమోదించాడు. కాలం వచ్చినప్పుడు భర్త వద్దకు సాగనంపాడు. దేహాన్ని ఇచ్చినవాడు, ప్రాణాన్ని కాచినవాడు, అన్నం పెట్టినవాడు ముగ్గురూ తండ్రులేనన్న ధర్మం ఆ ఘట్టంలోనే ఉన్నది. అదే వాత్సల్యం, అదే ఆశ్రమం. భరతుడు తనకోసం పెంచాడు, కణ్వుడు ఆమెకోసం పెంచాడు. అనాథరక్షణలో త్యాగమనేది ఉద్యోగాన్ని వదలిన నాడు పూర్తి కాదు. పెంచిన బిడ్డను మమకారం చంపుకొని తన బ్రతుకులోకి తాను పోనిచ్చిన నాడు పూర్తి అవుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఇంతే.

ఈ కొలబద్దతో చూస్తే నేటి శరణాలయాల తీరు కూడా బోధపడుతుంది. కంబోడియా వంటి దేశాలలో శరణాలయాలలో ఉన్న పిల్లలలో చాలామందికి తల్లి గాని తండ్రి గాని బ్రతికే ఉన్నారని, పేదరికమే వారిని అక్కడికి చేర్చిందని యునిసెఫ్ వంటి సంస్థలు హెచ్చరిస్తూ వచ్చాయి. విదేశీ సందర్శకుల విరాళాల కోసం పిల్లలను పోగుచేసే చోట్లు కూడా ఏర్పడ్డాయి. రెండు వారాలకు వచ్చి, పసివాణ్ణి ఎత్తుకొని, ఫోటో తీయించుకొని వెళ్ళిపోయేవారికి పుణ్యం మాట అటుంచి, ఆ బిడ్డ మరొకసారి అనాథ అవుతాడు. తల్లి బ్రతికి ఉన్న బిడ్డకు చేయవలసిన మొదటి సేవ ఆ తల్లికి జీవనోపాధి కల్పించి బిడ్డను ఆమె ఒడికి చేర్చడం. అప్పుడు మన శరణాలయంలో ఒక మంచం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని చూచి సంతోషించగలవాడు కణ్వుని దారిలో ఉన్నవాడు.

ఇక పెంపకమంటే ఏమిటో తెలియాలంటే ఉద్యోగపర్వంలో కర్ణుని మాట వినాలి. రాజ్యమంతా నీదేనని శ్రీకృష్ణుడు చెప్పినా అతడు కదలలేదు. తనను చూడగానే రాధకు పాలు చేపిన సంగతిని, ఆమె తన మలమూత్రాలను ఎత్తిపోసిన సంగతిని చెప్పి, ఆ తల్లికి పిండోదకాలు ఎలా తప్పించగలనని అడిగాడు. వెళ్ళదలచినవారు ఆలోచించుకోవలసినది దీనినే. సేవ అనే మాటలో ఉన్న తేజస్సు రాత్రి రెండు గంటలకు వాంతులు ఎత్తేటప్పుడు కనబడదు. ఆ పని ఒక్కరోజుది కాదు, పదిహేను ఇరవై ఏళ్ళది.

తల్లిదండ్రుల ప్రశ్న మిగిలి ఉన్నది. గీత పదునెనిమిదవ అధ్యాయంలో త్యాగం మూడు విధాలని భగవానుడు విభజించాడు. తప్పక చేయవలసిన కర్మను మోహంతో విడవడం తామసం. శరీరక్లేశానికి భయపడి విడవడం రాజసం. కర్తవ్యాన్ని చేస్తూనే సంగాన్ని, ఫలాన్ని విడవడం సాత్త్వికం. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ, కట్టుకొన్నవారి సమ్మతి, తీర్చవలసిన అప్పులు గృహస్థునికి నియతకర్మలు. వాటిని గాలికి వదలి వెళితే, వెళ్ళిన చోట ఎంత మంచి జరిగినా ఇక్కడి త్యాగం తామసమే. పై అధికారితో పొసగకనో, పనిలో విసుగు పుట్టియో వెళితే అది రాజసం. ఆదిశంకరులంతటివారు తల్లి అనుమతి పొంది సన్న్యసించారు. ఆమె అంత్యకాలంలో తిరిగివచ్చారని సంప్రదాయం చెబుతున్నది.

అయితే ఈ ధర్మం తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. జీతం ఆగిపోతుందన్న బాధను, కొడుకు దూరమవుతాడన్న బాధను ఒకటిగా కలపకూడదు. ఉద్యోగం కోసం పదివేల మైళ్ళు పంపినప్పుడు అడ్డురాని దూరం, పిల్లల సేవకు పోతానన్నప్పుడు మాత్రమే అడ్డువస్తే అక్కడ లోపం దూరానిది కాదు.

"మన దేశంలో అనాథలు లేరా?" అనేవారున్నారు. ఉన్నారు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ కూడా మా స్పెయిన్‌లో పేదలు లేరా అని ఆగిపోయి ఉండవచ్చును. ఆయన 1969లో కరవుసీమ అనంతపురం చేరి, జెసూట్ సంఘాన్ని విడిచి, నలభై సంవత్సరాలు పనిచేసి 2009లో అక్కడే కన్నుమూశారు. ఆకలిగొన్న బిడ్డకు సరిహద్దులు తెలియవు. అయితే ఆ ప్రశ్న అడిగేవారు ఇక్కడి బిడ్డను చేరదీసి అడిగితే అందం. మన గద్వాల ప్రాంతపు విత్తనపత్తి చేలలో క్రాసింగు పనికి చిన్నపిల్లల చేతులను వాడిన సంగతి మనకు తెలియనిది కాదు. పెద్దలు వలసపోతే అవ్వతాతల దగ్గర మిగిలిపోయిన పిల్లలు మన ఊళ్ళలో ఉన్నారు. కష్టంలో ఉన్న బిడ్డ కనబడితే 1098కు ఫోను చేయడానికి విమానం ఎక్కనవసరం లేదు.

దూరం ప్రధానం కాదనడానికి మన సీమలోనే నిదర్శనమున్నది. వనపర్తి సంస్థానపు రాణి కుముదినీదేవిగారు రాజభవనంలో సుఖంగా కాలం గడుపగలిగినవారు. ఋషీకేశంలోని స్వామి శివానంద సరస్వతివారి శిష్యురాలై, 1958లో హైదరాబాదు కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. ఆ రోజులలో ఆ రోగులను కన్నవారే గడప దాటించేవారు. తల్లిదండ్రులున్నా అనాథలైనవారు వారు. రాణిగారు 1962లో హైదరాబాదు నగరానికి తొలి మహిళా మేయరు అయినారు, వనపర్తి నుండి శాసనసభకు కూడా వెళ్ళారు. పదవులు వచ్చి పోయాయి. 2009లో ఆమె పరమపదించిన తరువాతనూ ఆ కేంద్రం నిలిచి ఉన్నది. ఆమె గురుదేవులు పూర్వాశ్రమంలో వైద్యులు. మలయా దేశంలో పదేళ్ళు మంచి కొలువు చేసి, దానిని విడిచి 1923లో స్వదేశానికి వచ్చినవారు. సన్న్యసించిన తరువాత కూడా ఔషధాల పెట్టెను విడువలేదు, యాత్రికులకు, సాధువులకు చికిత్స చేశారు. గురువు సముద్రం దాటి వచ్చారు, శిష్యురాలు రాజభవనం గడప దాటారు. దాటిన దూరాలు వేరైనా ఫలం ఒకటే.

కనుక బిడ్డ వెళతానన్నప్పుడు వెంటనే వద్దనకండి, వెంటనే దీవించనూ వద్దు. ఒక సంవత్సరం ఉద్యోగంలో ఉంటూనే పోయిరమ్మనండి. ఇంటి బాధ్యతలకు ఏర్పాటు చేయమనండి. నిత్యానుష్ఠానం మానవద్దని చెప్పండి. ఆ పిల్లలు పెద్దవారై వెళ్ళిపోయిన నాడు నీవేమి చేస్తావని అడగండి. ఆ చివరి ప్రశ్నకు బెదరకుండా, తొందరపడకుండా బదులు చెప్పగలిగితే, జోగులాంబ తల్లి పాదాల చెంత కుంకుమ తీసి నుదుట పెట్టి పంపండి.

సర్వం జగదంబార్పణమస్తు.