నీటితో వెలిగిన ఇల్లు

విద్యుద్దీపమును కనిపెట్టినవారెవరు అను ప్రశ్నకు ఎడిసన్ అని ఒక్కమాటలో వ్రాసిన విద్యార్థికి పరీక్షలలో పూర్తి మార్కులు లభించును. ఆ సమాధానము తప్పని త్రోసివేయుటకు వీలులేదు. సంపూర్ణమని ఒప్పుకొనుటకును వీలులేదు. ఎడిసన్ అమెరికాలో తన దీపమును 1879వ సంవత్సరాంతమున లోకమునకు చూపెను. అదే సంవత్సరము ఫిబ్రవరిలో, ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున, జోసెఫ్ స్వాన్ అను రసాయనజ్ఞుడు అక్కడి సాహిత్య తాత్త్విక సంఘపు సభలో, గాలి తీసివేసిన గాజుబుడ్డిలో సన్నని బొగ్గుకడ్డీని మండకుండ వెలిగించి చూపెను. ఆ సభకు అధ్యక్షత వహించినవాడు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. స్వాన్ దీపములు మరుసటి ఏడాదియే ఆ అధ్యక్షుని ఇంటికి చేరినవి. నేడు ఆ ఇల్లు ప్రజలు సందర్శించు ప్రదర్శనశాలగా ఉన్నది. దాని పేరు క్రాగ్‌సైడ్.

ఇంగ్లండునకు ఉత్తరపు కొసన, నార్తంబర్లండు సీమలో, రాత్‌బరీ అను చిన్న పట్టణము చెంత ఒక కొండచరియపై ఈ భవనము నిలిచి ఉన్నది. 1863లో ఆర్మ్‌స్ట్రాంగ్ దానిని ఒక చిన్న విడిదిగా ఆరంభించెను. 1869 తరువాత నార్మన్ షా అను వాస్తుశిల్పి దానిని గోపురములతో, పొగగొట్టములతో పెంచి పెద్దచేసెను. బోడికొండపై లక్షలాది చెట్లు నాటించిరి. వాగులకు అడ్డుకట్టలు వేసి అయిదు చెరువులు కల్పించిరి. ఇవి కంటికి ఇంపుకొరకు మాత్రమే త్రవ్వించినవి కావు. ఎత్తున నిలిచిన నీరు దిగువకు పడునపుడు పని చేయునను విషయము ఆర్మ్‌స్ట్రాంగ్ బాగుగా ఎరిగినవాడు. నీటి ఒత్తిడితో బరువులెత్తు క్రేనును నిర్మించియే ఆయన మొదట పేరు గడించెను. న్యాయవాదిగా జీవితము మొదలిడినవాడు యంత్రకారుడైనది ఆ నీటి మోజువలననే.

1878లో ఆయన ఒక చెరువునీటితో డైనమోను త్రిప్పించి, తన చిత్రశాలలో ఆర్క్ దీపమును వెలిగించెను. రెండు బొగ్గుకడ్డీల నడుమ మెరుపువలె వెలుగు ఆ దీపము వీధులకు, కర్మాగారములకు తగినదే గాని మనుష్యులు కూర్చుండి చదువుకొను గదికి తగినది కాదు. దాని వెలుగు కన్నులను పొడుచును. బుసబుసమని చప్పుడు చేయును. అందువలన స్వాన్ దీపము సిద్ధము కాగానే, 1880 డిసెంబరులో, ఆర్మ్‌స్ట్రాంగ్ వానిని తన ఇంట అమర్చుకొనెను. నీటివలన పుట్టిన విద్యుత్తుతో ఇల్లు వెలిగించుకొనుటలో ఇదియే మొదటిదని చరిత్రకారులు సామాన్యముగ అంగీకరింతురు. అమెరికాలోని ఆపిల్టన్ పట్టణమున హెన్రీ రోజర్స్ అను కాగితపు మిల్లు యజమాని ఇల్లు 1882 సెప్టెంబరు 30వ తేదీన నదీజలముతో వెలిగినది. అదియు నేడు ప్రదర్శనశాలయే. మొదటిది ఏది అను వాదము ఆయా ఊళ్ళవారికి వదలివేయవచ్చును.

క్రాగ్‌సైడ్ ఏర్పాటును గూర్చి ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయముగ 1881 జనవరిలో ఇంజనీర్ అను పత్రికకు ఒక లేఖ వ్రాసెను. భౌతికశాస్త్రము బోధించువారు ఆ లేఖలోని వివరములను తెలిసికొనుట మంచిది. నీటిచక్రమునకును ఇంటికిని దూరము 1,500 గజములు. చక్రపు శక్తి 6 అశ్వశక్తులు. ఇంటిలోని దీపములు 45. కాని ఒక గదినుండి మరియొక గదికి ప్రవాహమును మరల్చు ఏర్పాటు ఉన్నందున ఏకకాలమున 37 దీపములకు మించి అవసరము లేకుండెను. ఇందులో ఒక చక్కని లెక్క ఇమిడి ఉన్నది. 6 అశ్వశక్తులనగా సుమారు 4,500 వాట్లు. 37 చేత భాగించినచో దీపమొక్కటికి నీటిచక్రమువద్ద 120 వాట్లకు పైగా వచ్చును. దారిలోని తీగెలయందు, డైనమోయందు నష్టమైనది ఎంత, దీపమునకు చేరినది ఎంత అను చర్చకు తరగతిలో ఒక గంట చాలదు.

అన్నిటికంటె విచిత్రమైనది గ్రంథాలయము. అచ్చట ఎనిమిది దీపములుండెను. నాలుగు పైకప్పునుండి వ్రేలాడు ఒకే గాజుగోళమున, తక్కినవి ఒక్కొక్కటిగ గదిలో అక్కడక్కడ కలశములపై అమర్చబడినవి. కలశములు రాగివి, పైన మీనాపని. రాగి మంచి విద్యుద్వాహకము కనుక తిరుగుప్రవాహము కలశముగుండనే పోవును. వచ్చు ప్రవాహము పీఠము నడుమనున్న చిన్న పాదరసపు గిన్నెలోనికి చేరును. కలశపు అడుగునుండి దిగిన తీగెకొన ఆ పాదరసములో మునిగినంతనే దీపము వెలుగును. కలశమును పైకెత్తినచో ఆరును, క్రింద నుంచినచో మరల వెలుగును. నేడు మీట లేని గదిని ఊహింపజాలము. ఆనాడు పూలకలశమే మీట! నేటి తనిఖీ అధికారి ఎవరైనను ఆ గదిని చూచినచో తాళము వేయించి పోవుట నిశ్చయము.

ఈ దీపము గాలిని చెరచదు, చప్పుడు చేయదు అని ఆర్మ్‌స్ట్రాంగ్ మెచ్చుకొనుట సహజమే. కాని ఆ మెప్పులో చేరని సుఖము మరియొకటి కలదు. నూనెదీపములున్న ఇంట ప్రతిదినము ఎవరో ఒకరు మసిబారిన చిమ్నీలు తుడిచి, ఒత్తులు కత్తిరించి, నూనె పోయవలెను. లాంతరు వెలుతురున చదువుకొన్న తరమువారికి ఆ పని ఎవరి వంతుకు వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు. క్రాగ్‌సైడ్‌లో నీటిశక్తి దీపములకే పరిమితము కాలేదు. వంటయింట మాంసము కాల్చు శలాకను త్రిప్పుటకు, లిఫ్టును ఎత్తుటకు నీటిబలమునే వినియోగించిరి. మేడపై గదులకు బొగ్గుతట్టలు మోయు పనివారికి ఆ లిఫ్టు యజమాని చూపిన విద్యుద్దీపములకంటె గొప్ప వరము.

ఇంతవరకు చెప్పి ఊరకుండుట సగము పాఠము చెప్పుటయే. ఈ ఇంటిని నిలిపిన సంపద ఫిరంగులవలన వచ్చినది. క్రిమియా యుద్ధపు రోజులలో ఆర్మ్‌స్ట్రాంగ్ కొత్తరకపు ఫిరంగిని రూపొందించెను. న్యూకాసిల్‌లోని ఆయన ఎల్స్‌విక్ కర్మాగారము తరువాత ఫిరంగులకు, యుద్ధనౌకలకు ప్రపంచప్రసిద్ధి గాంచినది. అమెరికా అంతర్యుద్ధమున ఇరుపక్షముల చేతను ఆ ఫిరంగులుండెను. 1884లో యువరాజు దంపతులు క్రాగ్‌సైడ్‌లో బసచేసిరి. చైనా, జపాన్, సయాం దేశముల ప్రముఖులును అతిథులైరి. వారిలో పలువురు దీపముల సొగసు చూచుటకే అంతదూరము వచ్చినవారు కారు. ఇక 1871లో, ఈ భవనము పెరుగుచున్న రోజులలోనే, న్యూకాసిల్ యంత్రకార్మికులు దినమునకు తొమ్మిది గంటల పని కోరి సుమారు అయిదు నెలలు సమ్మె చేసిరి. యజమానులకు నాయకుడు ఆర్మ్‌స్ట్రాంగే. గెలిచినవారు కార్మికులు. గ్రంథాలయపు కలశములను చూపు ఉపాధ్యాయుడు ఈ సంగతిని దాచవలసిన పని లేదు. దాచినచో విద్యార్థికి దీపము మాత్రమే తెలియును, దానికి వెల ఇచ్చినవారెవరో తెలియదు.

ఆయనను దుర్మార్గునిగ చిత్రించుటయు అంతే సులభమైన పొరపాటు. 1863లోనే బ్రిటిష్ విజ్ఞానసభకు అధ్యక్షుడుగా ఆయన, బొగ్గును దుబారా చేయుచున్నామనియు, ఇంగ్లండు గనులు కలకాలము నిలువవనియు హెచ్చరించెను. బొగ్గుతో బ్రతుకు నగరమున, బొగ్గుతో నడచు కర్మాగారపు యజమాని ఆ మాట అనుటకు గుండెధైర్యము కావలెను. ఉష్ణదేశములలో ఎకరము నేలపై పడు సూర్యతాపము నాలుగువేల గుర్రముల శక్తికి సమానమనియు ఆయన లెక్కకట్టెను. ఎండ పుష్కలముగనున్న తెలుగునాట ఆ లెక్క ఎవరికైనను చప్పున తలకెక్కును.

స్వాన్, ఎడిసన్ ఇరువురును ఇంగ్లండులో వ్యాజ్యమాడుటకు మారుగ 1883లో ఒకే కంపెనీగ కలిసిరి. ఇద్దరి పేర్లు కలిపిన ఎడిస్వాన్ దీపములు చాలకాలము అమ్ముడైనవి. పరీక్షాపత్రపు ప్రశ్నకు వారే ఉమ్మడిగ జవాబిచ్చినట్లున్నది.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1900లో మరణించెను. 1977లో క్రాగ్‌సైడ్ నేషనల్ ట్రస్టు అను సంస్థ అధీనమునకు వచ్చినది. 2007లో మరల తెరచుటకు ముందు ఇంటి విద్యుత్తీగెలన్నిటిని మార్చవలసివచ్చినది. 2014లో టంబుల్టన్ చెరువు కడ ఒక ఆర్కిమిడీస్ మరను అమర్చిరి. నీటిని పైకి తోడుటకు పూర్వులు వాడిన పరికరమే అది. ఇచ్చట నీరు దానిలోనుండి క్రిందికి దిగుచు మరను త్రిప్పి సుమారు 12 కిలోవాట్ల విద్యుత్తు నిచ్చును. గ్రంథాలయములోని దీపములు మరల చెరువునీటితోనే వెలుగుచున్నవి.