వెన్నుబిళ్ళ జాఱిన పిదప మరల ఆటకు



షటిల్ బ్యాడ్మింటన్ ఆడుచుండగా నడుము పట్టి, వెన్నుబిళ్ళ జాఱినదని వైద్యులు చెప్పగా ఆట మానిన సోదరి యొకతె, మరల బ్యాటు పట్టు యోగము తనకు కలదా యని యడిగినది. ఇంటివారు "ఈ వయసున నీకు ఆటలేల?" యనుచున్నారట. ఆ యింటనే నీళ్ళబిందె యెత్తుటకును, బియ్యపుబస్తా జరుపుటకును ఆమె నడుము పనికివచ్చుచునే యున్నదట! ఆటకు మాత్రమే పనికిరాని నడు మెట్టిదో విచారింపవలసి యున్నది.

మన నడుమున ఐదు పూసలు గలవు. పూసకును పూసకును నడుమ నుండు బిళ్ళకు వెలుపల గట్టి నారవలయమును, లోపల జిగురువంటి పదార్థమును ఉండును. వలయము చిట్లి లోనిది వెలికుబికినచో ప్రక్కనున్న నరము నొరసికొనును. అప్పుడు పిఱుదునుండి పాదము వఱకు నొప్పి ప్రాకును. ఇట్టి బాధనే ఆయుర్వేదమున గృధ్రసి యందురు. ఈ నొప్పికి చిట్లిన బిళ్ళ కారణము కావచ్చునని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ అనువారు విశదపఱచిరి.

పెక్కండ్రకు శస్త్రచికిత్స లేకయే 6 మొదలు 12 వారములలో బాధ తగ్గును. వెలికివచ్చిన భాగము క్రమముగా కరగిపోవుటయు కలదు. వారములకొలది మంచము పట్టియుండుట మేలని పూర్వము తలచెడివారు. అది కండలను క్షీణింపజేయునని నేటి వైద్యుల మతము. తీవ్రబాధ యొకటి రెండు దినములలో నెమ్మదించిన వెంటనే మెల్లగా నడువవలయును.

రాత్రి పరుండినపుడు బిళ్ళలు నీరు పీల్చుకొని యుబ్బును. అందుచే లేచిన వెంటనే వంగినచో వానిపై ఒత్తిడి హెచ్చు. కావున వాకిలి యూడ్చుటయు, ముగ్గు పెట్టుటయు గంటసేపు ఆపుడు. లేదా మఱియొకరి కప్పగింపుడు. మగవారు పెట్టినను ముగ్గు ముగ్గే.

నడక సుఖముగా సాగిన పిదప కండలకు బలము చేకూర్పవలయును. మోకాళ్ళపైనను చేతులపైనను నిలిచి, ఒక చేతిని, దానికి ఎదుటిప్రక్క కాలిని చాచి పట్టుట యందు మేలైన సాధనము. తరువాత షటిల్ లేకయే బ్యాటు ఆడింపుడు. పిదప సగము కోర్టులో పదినిమిషములు. వెనుకకు వంగి కొట్టు దెబ్బలును, ఎగురుటలును కట్టకడపట. కాలినొప్పి లేకుండ, రెండుకాళ్ళ మడమలపైనను మునివ్రేళ్ళపైనను సమానముగా నడువగలిగిననే పూర్తి యాటకు పూనుకొనుడు. నొప్పి కాలినుండి నడుమునకు మరలుచున్న మేలుగుర్తు. కాలికి దిగుచున్నచో మునుపటి సాధనకు మరలవలయును. శస్త్రచికిత్స యైనవారు ఈ గడువులను తమ వైద్యునివలననే తెలిసికొనవలయును.

గోల్ఫ్ క్రీడాకారుడు టైగర్ వుడ్స్ 2014 మొదలు 2017 వఱకు నాలుగు మాఱులు నడుమునకు శస్త్రచికిత్స పొంది, 2019లో మాస్టర్స్ పోటీని గెలిచెను. ఆయనకున్న వసతులు మనకు లేవు; మనము కోరునది పతకమును కాదు, సాయంకాలమున నొక యరగంట యాట.

ఒక్క హెచ్చరిక. కాలు పట్టు తప్పుట, మలమూత్రములపై అదుపు లేకపోవుట, తొడలనడుమ స్పర్శ తెలియకుండుట: వీనిలో నేది కలిగినను తత్క్షణమే ఆసుపత్రికి పోవలయును. సిగ్గుచే దాచి, తెల్లవాఱనిమ్మని యూరకుండినచో నరములకు తీరని హాని కలుగవచ్చును.

ఆ సోదరి యింటివారికి నా మనవి: ఆమె యాట మాన్పించుటకు ముందు బిందెయు బస్తాయు మీరందుకొనుడు. పిమ్మట వైద్యుని యనుమతితో ఆమెను కోర్టునకు పంపుడు.