పసివాళ్లకు ‘పడకపోతే’ గుర్తుపట్టేదెవరు?

ఏడాదిన్నర పిల్లాడు గొంతు దురదగా ఉందని చెప్పలేడు. నాలుక బయటపెట్టి చేత్తో రుద్దుకుంటాడు, గిన్నె తోసేస్తాడు, ఊరుకోబెట్టినా ఊరుకోడు. పళ్లొస్తున్నాయనో, వేడి చేసిందనో, దిష్టి తగిలిందనో ఇంట్లో తలో మాటా అంటారు. ప్రేమతో అన్న మాటలే అయినా, అలర్జీని గుర్తించడంలో ఆలస్యం అక్కడే మొదలవుతోంది.

తిండి వల్ల హఠాత్తుగా వచ్చే అలర్జీ సాధారణంగా కొన్ని నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుంది. కాబట్టి ఏం తిన్నాడన్నదే కాక, ఎంతసేపటి కిందట తిన్నాడన్నదీ గమనించాలి. మర్నాడు లేచిన దద్దుర్లకు నిన్నటి గుడ్డును తప్పుపట్టడం చాలాసార్లు సరికాదు. ఈ వయసులో దద్దుర్లకు ఎక్కువగా వైరల్ ఇన్ఫెక్షన్లే కారణం. గుడ్డు తిన్న పావుగంటకే పెదాలు ఉబ్బితే మాత్రం మళ్లీ పెట్టి చూడకూడదు, డాక్టరుకు చూపించాలి.

జలుబు దగ్గరా ఇదే తికమక. ఏడాదికి ఆరేడుసార్లు జలుబు చేయడం పసివాళ్లకు మామూలే, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. జ్వరం లేకుండా వారాల తరబడి ముక్కు నీళ్లలా కారుతూ, పిల్లలు అస్తమానం ముక్కూ కళ్లూ నలుపుకొంటుంటే అలర్జీని అనుమానించాలి. మందుల షాపులో సిరప్ అడిగి తేవడం దీనికి మార్గం కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు వారికి వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే హెచ్చరించింది.

అసలు ప్రమాదం అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతకమైన తీవ్ర అలర్జీ. ఒంటిమీద దద్దురు లేకుండా కూడా అది రావచ్చు. తిన్న కాసేపటికే ఆగని దగ్గు, పిల్లికూతలు, బొంగురుపోయిన ఏడుపు, వరుస వాంతులు, ఒక్కసారిగా మగతగా వాలిపోవడం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. బిడ్డను భుజాన వేసుకుని నిలువుగా మోయకూడదు, చేతుల్లో అడ్డంగా పడుకోబెట్టుకోవాలి. ప్రాణం కాపాడేది తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే. దురద తగ్గించే సిరప్ ఆ పని చేయలేదు.

అయితే భయమూ చేటు చేస్తుంది. ఒక్క రక్తపరీక్ష కాగితం చూసి పాలు, గుడ్డు, గోధుమ, పల్లీలు అన్నీ మాన్పిస్తే ఎదిగే బిడ్డ ఏం తిని పెరగాలి? లక్షణాలు లేకుండా పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. ముందే దూరం పెడితే అలర్జీ రాదనుకోవడమూ పొరపాటే. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్ల మీద బ్రిటన్‌లో జరిగిన లీప్ అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. ఏడాదిలోపే పల్లీల ఆహారం మొదలుపెట్టిన పిల్లల్లో, అది దూరంగా ఉంచిన వారికంటే ఐదేళ్ల వయసుకు పల్లీ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. ఎగ్జిమా, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు పల్లీలు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. పలుకులు మాత్రం గొంతుకు అడ్డం పడతాయి, మెత్తటి పొడిగానో ముద్దగానో పెట్టాలి.

తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమ, పాలపొడి ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీల ద్వారా గుడ్లు అందుతున్నాయి. ఇవ్వాల్సిన తిండే అది. కానీ పెట్టే టీచరుకు అలర్జీ లక్షణాలు తెలియాలి. అందుకు ప్రభుత్వాలు ఒక పూట శిక్షణ ఇవ్వాలి, అంగన్‌వాడీ కేంద్రం గోడమీద ఆ లక్షణాలు రాయించాలి. పసివాళ్లకు తగిన మోతాదులో అడ్రినలిన్ ఇవ్వడం తెలిసిన మనిషి దగ్గరి పీహెచ్‌సీలో రాత్రిపూటా ఉండేలా చూడాలి.